గంగమ్మ తిరిగిచ్చిన ఒంటి చెప్పు

మొన్న ఆదివారం బాపు పాత ట్రాలీ ఆటోను అమ్మేసిండు. కొనుక్కున్నాయన తాళంచెవి కోసం చెయ్యి చాపుకోని నిలబడ్డడు, బాపు మాత్రం బండి వెనుక మోకాళ్ల మీద కూసోని, తుప్పు పట్టిన ఇనుప తీగను పట్టకారుతోని తెంపి, అండ్ల వేలాడుతున్న ఒంటి చెప్పును ఊడదీసి నా చేతుల పెట్టిండు. "కొత్త బండికి గూడ గిదే కట్టు బిడ్డా. గిది కట్టిన కాడికెల్లి మన బండి మీద ఎవ్వని కన్ను పడలే" అన్నడు. ఒకప్పుడు అది గులాబీ రంగు చెప్పు, పదేండ్ల ఆడపిల్లది, అడుగు పెడితే మడమ కింద ఎర్రలైటు మెరిసేది. ఇప్పుడు రంగు లేదు, లైటు లేదు, దుమ్ము, డీజిలు, బురద అట్టలు కట్టి చేతిల మోపయింది. ఎవరు ముక్కు కాడ పెట్టుకున్నా డీజిలు వాసనే అంటరు. నాకు మాత్రం ఉప్పు వాసన కొట్టింది. దిష్టికని బండికి చెప్పు కట్టుడు మా దిక్కు కొత్తేం కాదు, నార్కట్‌పల్లి చౌరస్తల నిలబడితే లారీలకు, ట్రాక్టర్లకు ఎన్నో కనబడతయి. అయితే సముద్రంల మునిగి తేలిన చెప్పు మా బండికే ఉండె. ఎవరి కన్ను పడొద్దని కట్టిన్రో ఆ పాడు కన్ను మా ఇంట్లనే, నా మొఖాన్నే ఉన్నదని ఎవ్వరికీ తెల్వదనుకొని ఇన్నేండ్లు బతికిన.

ఆ చెప్పు స్వప్నది. స్వప్న మా చిన్నాయిన బిడ్డ, నాకంటె ఎనిమిది నెలలు చిన్నది. నార్కట్‌పల్లి నుంచి లోపలికి పోతే బత్తాయి తోటల నడుమ ఉంటది మా ఊరు. ఒక్కటే వాకిలి, రెండు పొయ్యిలు, అటు వాళ్లు, ఇటు మేము, నడుమ అర్రల మా అవ్వ. వానకాలం మక్కకంకులు కాలిస్తే ఒక్క పొయ్యి మీదనే కాల్చేటిది, చలికాలం పొద్దున సర్వపిండి చేస్తే గిన్నెకు అంటుకున్న మాడు చెక్క కోసం ఇద్దరం కొట్టుకునేటోళ్లం, ఎండకాలం సెలవుల్ల చింతచెట్టు నీడకు గచ్చకాయలు ఆడి ఆడి చేతులకు పొక్కులొస్తుండె. ఆ కొట్లాటలల్ల అసూయ ఏం లేదు, ఒకనాడు ఆమె గెలిస్తె ఒకనాడు నేను గెలుస్తుంటి. చిన్నాయిన బీడి తాగుకుంట, ఎర్రగళ్ల తువ్వాల తలకు చుట్టుకొని మా ఇద్దరి ఆటకు పంచాయితి చెప్పేటోడు. "బిడ్డా, మిమ్మల ఒకపారి సముద్రం కాడికి తోలుకపోత, గాడ కొట్లాడున్రి, ఇసుక మస్తుంటది" అంటుండె. చిన్నాయిన గూడ సముద్రం చూసినోడు కాదు.

మేము అయిదో తరగతికి వచ్చిన ఏడు, తెలంగాణ వచ్చిన కొత్తల, చిన్నాయిన బోరు మోటరు కాడ కరెంటు కొట్టి పోయిండు. ఇంట్ల ఏడ్పులు సద్దుమణిగినంక ఏమయిందో చెప్తే నన్ను ఎవరన్న మనిషి అంటరో అనరో. బాపు నార్కట్‌పల్లి నుంచి పుట్నాలు తెస్తే మొదలు దోసిట్ల పోసేటిది స్వప్నకు. అవ్వ పక్కల పండేటిది స్వప్న. బతుకమ్మ పండుగకు ఇద్దరికి ఒక్క తాన్లనే గౌన్లు కుట్టిస్తె, స్వప్న గౌనుకు కింద తెల్ల లేసు, నాకు లేదు. కోడిగుడ్డు ఒక్కటే ఉంటె అది ఆమె కంచంల. నేను నోరు తెరిస్తె అమ్మ కండ్లెర్ర చేసి "నీకు బాపున్నడు గదనే" అంటుండె. ఉన్నడు, కాదంటలేను. అయితే ఉన్న బాపు నా దిక్కు చూస్తలేడు, ఆమె దిక్కు చూస్తుండు. తండ్రి పోయిన పిల్లను చూసి ఏడిచిన దాన్ని నేను. అబద్ధం ఆడను, కడుపు మండింది, అన్నం సయించలేదు, రాత్రి పగలు గదే కుళ్లు. స్వప్న మాత్రం చిన్నాయిన తువ్వాలను ఉండ చుట్టి సంకల పెట్టుకొని తిరిగేటిది. బీడి వాసన, చెమట వాసన పోతదని చిన్నమ్మను ఉతకనియ్యలేదు.

సంవత్సరీకం అయినంక బాపు ఒకనాడు ఆటో కాడ నిలబడి, "తమ్ముడు పిల్లకు మాటిచ్చె, సముద్రం సూపెట్టాలె, విశాఖపట్నం పోదాం" అన్నడు. పిల్లకు అన్నడు, పిల్లలకు అనలేదు. అప్పుడే పట్టుకున్న నేను ఆ మాటను. ప్రయాణానికని స్వప్నకు కొత్త చెప్పులు తెచ్చిండు, అవే గులాబీ రంగు లైటు చెప్పులు. నా చెప్పులు పోయిన దసరావి, తెగలేదు, అందుకే కొనలేదు. చీకట్ల లైటు మంచిగ కనబడతదని ఆమె కోళ్ల గూట్ల కూసోని కాళ్లు తాటించుకుంట నవ్వుతుంటె, నాకు ఆ గూడు తలుపు బయటికెల్లి గొళ్లెం పెట్టబుద్ధయింది.

అవ్వ, అమ్మ, చిన్నమ్మ, బాపు, మేమిద్దరం పొద్దున నల్లగొండల రైలెక్కినం. జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం, సకినాలు, పులిహోర, రెండు సంచుల బత్తాయిలు. కిటికి పక్క సీటు ఎవరిదో చెప్పక్కర్లేదు. కృష్ణ దాటినం, ఎటు చూసినా పచ్చటి వరి, కాలువల నిండ నీళ్లు. అవ్వ నోరు తెరిచి చూసుకుంట, "గీళ్లకేమో గిన్ని నీళ్లు, మనకేమో నోట్ల పండ్లు పచ్చబడే ఫ్లోరైడు బోరు నీళ్లు, దేవుని కండ్లు మండ" అని గొణుగుడు పెట్టింది. అవ్వ గా ఊర్ల మీద ఏడిస్తె, నేను స్వప్న మీద ఏడిచిన. మా బోగిల రెండు కుళ్లుబోతు ప్రాణాలు ప్రయాణం చేసినయి.

తెల్లారి సత్రంల తానాలు చేసి సముద్రం కాడికి పోయినం. రోడ్డు దాటంగనే ఆకాశం సగానికి కోసినట్టు నీలంగ నిలబడ్డది. అంత చప్పుడు చేసే నీళ్లను మేం ఎన్నడు చూడలె. మా చెరువు నిండిన ఏడు గూడ మాట్లాడదు, ఊకనే ఉంటది. దూరంగ ఓడలు, ఇటు పక్క కొండ, మరమరాల మిక్చరు అమ్మేటాయన నిమ్మకాయ పిండుతున్న వాసన, చేపల వాసన, గుర్రం మీద ఎక్కిన పిల్లల కేకలు. అవ్వ పసుపు కుంకుమ ఏసి, దండం పెట్టి, దోసెడు నీళ్లు నోట్లె పోసుకొని థూ అని ఊంచి, "ఓ యవ్వ, మన బోరు నీళ్లకు పెద్దక్కనే గీమె" అన్నది. అందరం పడి పడి నవ్వినం, నేను గూడ నవ్విన, ఆ ఒక్క గడియ.

ఇగ అక్కడ మా వాళ్లు చేసిన పని చెరువు తప్ప వేరే నీళ్లు చూడనోళ్లు చేసే పనే. మా చెరువు కాడ చెప్పులు నీళ్ల అంచునే ఇడుస్తం, కాళ్లు కడుక్కోంగనే మల్ల మట్టి అంటకుండ తొడుక్కోవచ్చని. చెరువు అంచు పొద్దుందాక జానెడు గూడ కదలదు. అట్లనే అవ్వ, "గాడ నీళ్ల కాన్నే ఇడువున్రి, ఇసుక అంటదు" అన్నది. అందరు వరుసగ ఇడిసిన్రు. స్వప్న తన తువ్వాలను నాలుగు మడతలు పెట్టి, దాని మీద లైటు చెప్పులు జాగ్రత్తగ పెట్టింది. బాపు ఆమె చెయ్యి పట్టుకొని, నా దిక్కు చూసి, "నువ్వు జర సామాను కాడ కూసో బిడ్డా, దీన్ని ఓపారి తిప్పుకొస్త" అన్నడు. అవ్వ, అమ్మ, చిన్నమ్మ కొంగులు బిగించి మోకాళ్ల లోతుకు పోయిన్రు. నేను సామాను కాడ కూసున్న.

కూసున్నదానికే తెలిసింది, ఈ అంచు కదులుతదని. ఒక అల వచ్చి చెప్పులకు బెత్తెడు దూరంల ఆగింది. ఇంకొకటి ఇంక జర ముందుకొచ్చింది. బాపు స్వప్నను రెండు చేతులతోని ఎత్తి అల మీద నుంచి దుంకిపిస్తుండు, ఆమె కిలకిల నవ్వుతాంది, బాపు గూడ నవ్వుతుండు, చిన్నాయిన పోయినంక బాపు అట్ల నవ్వింది నేను మొదలు చూసుడు అదే. ఆ నవ్వు నాది, నాకు రావాల్సింది. నేను లేచిన. సద్ది సంచి బుజానికి తగిలిచ్చుకున్న. నా చెప్పులు తీసి కాళ్లకు తొడుక్కున్న. నాలుగడుగులు వెనుకకు పోయి నిలబడ్డ. మిగిలినయి ముట్టలేదు. గులాబీ చెప్పులు పోవాలె, గంతే, అనుకున్న. కింద తువ్వాల నాకు కనబడలేదని పదేండ్లు నాకు నేనే చెప్పుకున్న. కనబడ్డది. ఎర్రగళ్లు సాఫుగ కనబడ్డయి.

పెద్ద అల వచ్చి అన్ని చుట్టుకొని పోయింది. అది పోయినంకనే నేను కేక పెట్టిన. మిక్చరాయన పరుగెత్తుకొచ్చి, "ఎవరండీ బాబూ, నీటి అంచున చెప్పులెట్టీసేరేటి, చెరువనుకున్నారేటి?" అని తల కొట్టుకున్నడు. బాపు నడుముల దాక ఉరికిండు. చిన్నమ్మ "తువ్వాల, ఆయన తువ్వాల" అని ఒక్కటే కూత. ఏది దొరకలె. జరసేపటికి నురుగుల ఒక లైటు చెప్పు మాత్రం ఎర్రగ మెరుసుకుంట ఒడ్డుకొచ్చి పడ్డది. స్వప్న ఏడవలె. ఆ ఒంటి చెప్పును పట్టుకొని, సముద్రం దిక్కు చూసుకుంట, ఎవరో పిలిస్తే వచ్చేటట్టే నిలబడ్డది. ఏడిస్తే నాకు ఇంత కాలకపోతుండె.

మిట్టమధ్యాహ్నం అయింది. చెప్పుల దుకాణం రోడ్డవతల ఎక్కడనో ఉందన్నరు. ఇసుక కాలుతాంది, తారు రోడ్డు పెనం లెక్క కాలుతాంది. అవ్వ ఒక్కొక్క కాలు ఎత్తి ఎగురుకుంట విశాఖపట్నాన్ని తిట్టింది. అమ్మ, చిన్నమ్మ కొంగులు కాళ్ల కింద ఏసుకున్నరు. బాపు ఒక్కపారి వంగి స్వప్నను బుజాల మీద ఎక్కించుకున్నడు. నేను ఆశపడ్డది ఆ బుజాల కోసమే, పోగొట్టుకున్నది ఆ బుజాలే, నా చేతులతోని నేనే ఎక్కించిన ఆమెను. అందరు వట్టి కాళ్లతోని ముందట నడుస్తుంటె, వెనుక నేనొక్కదాన్నే చెప్పులు తొడుక్కొని టపటప నడిచిన. తర్వాత కొండ మీదికి పోయినం, ఒడ్డు మీద పెట్టిన జలాంతర్గామిల ఎక్కినం, అందరు చూసేటియన్ని చూసినం. నాకు ఆ టపటప చప్పుడు తప్ప ఏం యాదికి లేదు.

ఇంటికొచ్చినంక అవ్వ తీర్పు చెప్పింది. "గంగమ్మ మింగి తిరిగిచ్చిన చెప్పు, పడేయొద్దు, బండికి కట్టున్రి, ఎవ్వని ఏడుపు తగలదు." బాపు తీగతోని కట్టిండు. మొదట్ల మా గతుకుల తోవల బండి ఎగిరినప్పుడల్ల వెనుక లైటు మెరిసేటిది, ఊరి పిల్లలు వెంట ఉరికేటోళ్లు. ఒక్క వానకాలానికి అది ఆగిపోయింది. స్వప్న అటెన్క పక్కలకు వట్టి చెయ్యి ముడుచుకొని పండుకునేటిది. నా గౌనుకు గూడ లేసు వచ్చింది, బాపు పుట్నాలు ఇద్దరికి సమానంగ పోసిండు. నా వంతు కోళ్లకు ఏసిన.

మొన్న పాత బండి పోయినంక, ఆ చెప్పు ఇంక నా చేతిల ఉండంగనే, బాపు కొత్త బండి అద్దం తుడుస్తుండు. నేను తీగ అందుకోలేదు. "బాపూ, గా దినం అల వచ్చుడు నేను చూసిన. నావి తీసుకున్న, స్వప్నయి తియ్యలే. చిన్నాయిన తువ్వాల గూడ కనవడ్డది" అన్న.

బాపు తుడుసుడు ఆపలె. "తెల్సు" అన్నడు.

"ఎట్ల?"

"దాన్ని బుజం మీదికెత్తుకొని ఎనుకకు మళ్లి చూసిన. అందరి కాళ్లు వట్టియి, నీ ఒక్కదానియి కాదు."

"మరి కొట్టకపోతివి?"

"కొడుదునే. నిన్ను ఎత్తుకోక ఎంత కాలమయిందో గప్పుడే యాదికొచ్చింది. తప్పు సగం నాదే అనిపిచ్చింది. నువ్వే ఒకనాడు చెప్తవని సూసిన." గుడ్డ పిండి రేకు మీద ఆరేసి, "అయితే చెప్పాల్సింది నాకు కాదు బిడ్డా" అని లోపలికి పోయిండు.

అవ్వ లేదిప్పుడు. చింతచెట్టు కొట్టేసిన్రు, రెండు పొయ్యిల జాగాల స్లాబు ఇల్లు లేచింది, సర్వపిండి గిన్నెలు అటుక మీదికి పోయినయి. నేను రోజు బస్సెక్కి చౌటుప్పల్ కంపెనీకి పోయొస్త, స్వప్న నల్లగొండల ఒక దవాఖానల నర్సు, వారానికొకపారి ఫోను చేసి అందరికంటె మొదలు నన్నే అడుగుతది. చిన్నాయిన వాసన ఈ లోకంల ఏ బట్టకు లేదు. నా మూలంగ లేదు.

కొత్త బండికి చెప్పు కట్టలే. కడిగి, తుడిచి, అరుగు మీద పెట్టిన, అది ఎవరిదో వాళ్లకే ఇయ్యాలె. నా కాళ్ల చెప్పులు గూడ ఇడిసి దాని పక్కన పెట్టి, ఎండల వాకిట్లకు దిగి, స్వప్నకు ఫోను కలిపిన. నేల సుర్రుమన్నది. "అక్కా, తిన్నవా?" అన్నది స్వప్న. నీడకు జరగబుద్ధయింది. జరగలే.