కుంకుమ బొట్టు, లక్క ముద్ర

1988 అక్టోబరు 20, గురువారం, విజయదశమి. ఉదయం తొమ్మిదింపావుకు ఆత్మకూరులోని మా టైపు ఇన్‌స్టిట్యూట్ తలుపు తీశాను. ఆరు టైపు మిషన్లకూ, స్టేప్లర్‌కూ, ఆ ఏడాదే కొన్న ఒక్కగానొక్క కంప్యూటర్‌కూ పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. ఇంకో తాళంచెవి ఉన్న మా పనిమనిషి శేషమ్మ నేను వచ్చేలోగానే ఆయుధపూజ చేసింది. అంతవరకూ బాగానే ఉంది. బల్లమీద ఫ్లాపీ డిస్కు కవరులోంచి బయటికొచ్చి ఉంది. పల్చటి నల్లటి పలకలా ఉండే ఆ డిస్కుకు, కంప్యూటర్ చదువుకోవడానికి కోలగా ఒక సందు వదిలి ఉంటుంది. బొట్టు సరిగ్గా ఆ సందులో ఉంది.

"ఏంది శేషమ్మా ఇది?"

"పండగ గదమ్మా. ఇదొక్కటీ కవర్లో దాక్కోనుండాది. తీసి పెట్టినా."

"కవరు మీద పెట్టొచ్చు గదా?"

"కవరు మీద పెడితే పూజ కవరుకే గదమ్మా?"

తుడిచి డిస్కును లోపల పెట్టాను. కంప్యూటర్ గుర్రుమని ఊరుకుంది, డిస్కును చదవలేదు.

అది ఒక ఆట డిస్కు. తెరమీద పైనుంచి అక్షరాలు రాలుతుంటాయి. అవి నేలను తాకేలోగా ఆ అక్షరం మీట కొట్టాలి. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆఫీసు ఉద్యోగ పరీక్ష ఆ ఆటతోనే పెడుతోంది. నవంబరు 12న ఎనిమిదో మెట్టు దాటినవాళ్ళకే ఉద్యోగం. ఉదయగిరి నుంచి రోజూ బస్సులో వచ్చి మా దగ్గర నేర్చుకునే నూర్జహాన్ అప్పటికి ఆరో మెట్టు దాటింది.

"మీరు కాపీ తీసినారు గదా మేడం?" అంది, ఆ రోజు రాగానే.

తీశాను, కొన్న రోజే. కానీ దానికి కాపీ ప్రొటెక్షన్ ఉంది. అంటే తయారీదారు డిస్కుమీద వేసిన రహస్య గుర్తు నకలులోకి రాదు. నకలు పెడితే అసలుది పెట్టమని తెరమీద అడిగి ఆగిపోతుంది. పాడైన అసలు డిస్కు పంపితే, గుర్తు సరిచూసుకుని కొత్తది ఇస్తామని డిస్కుతో వచ్చిన కార్డులో రాసి ఉంది.

మర్నాడే డిస్కును పార్సిల్ కట్టాను. అడుగునా పైనా పల్చటి అట్టముక్కలు, చుట్టూ గుడ్డ. సూది తగలకుండా అంచులు కుట్టాను. మా పరీక్షల జవాబు కాగితాల కట్టకు ఎప్పుడూ అయిదు లక్క ముద్రలు వేస్తాను. దీనికీ అయిదే వేశాను. నాలుగు మూలలా నాలుగు, నడిమధ్యన ఒకటి. కరిగిన లక్క పోసి, ఇత్తడి ముద్రతో గట్టిగా అదిమాను. శేషమ్మను పక్కన నిలబెట్టి, జాగ్రత్తంటే ఇట్లా ఉండాలని చెప్పాను కూడా.

జవాబు నవంబరు 9న వచ్చింది. కుంకుమ గురించి ఒక్క మాటా లేదు. డిస్కు మధ్యలో వేడికి వంగిపోయిందనీ, గుర్తు చదవడానికి వీల్లేదనీ, మార్చి ఇవ్వలేమనీ రాశారు.

నూర్జహాన్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది.

"శేషమ్మక్క బొట్టు పెట్టింది. మీరు లక్క పెట్టినారు. నేనొక్కదాన్నే ఏమీ పెట్టలేదు మేడం."

పన్నెండో తేదీ పరీక్షలో ఆ అమ్మాయి ఏడో మెట్టు దాటి, ఎనిమిదో మెట్టు మీద ఆగిపోయింది.

కాగితాలను కాపాడే పద్ధతి కాగితాలకే పనికొస్తుందని అప్పుడు నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ డిస్కు పంపినా చెక్కపెట్టెలో పెట్టాను, లక్క తగలనివ్వలేదు.

పోయినవి: అసలు డిస్కు ఒకటి. సాధన చేయవలసిన రోజులు ఇరవై మూడు. నూర్జహాన్ ఉద్యోగం.