దువ్వేది నేను, ఒడి ఆమెది

మా కుక్కను చూసి ఊరంతా మా తోడికోడలిని మెచ్చుకునేది. రోజూ దువ్వేదాన్ని మాత్రం నేను. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే నా కడుపుమంట ఎంతటిదో మీకు సగం అర్థమైపోతుంది.

బళ్ళారి జిల్లాలో, కంప్లి పక్కనున్న ఎమ్మిగనూరులో మాది ఉమ్మడి ఇల్లు. మా ఆయన పెద్దవాడు, వరి మడులు చూసుకుంటాడు. మరిది లారీలు తిప్పుతాడు. గనుల వ్యాపారం చేసే తెలిసినాయన ఒకరు బెంగళూరుకు ఇల్లు మారుస్తూ ఈ కుక్కను మాకు అప్పజెప్పి పోయాడు. గోల్డెన్ రిట్రీవర్ అంటారట. దూడంత ఒళ్ళు, ఆ ఒంటి నిండా బంగారు రంగు బొచ్చు. అంత బొచ్చున్న కుక్క వరి పొలాల పక్కన బతకాల్సింది కాదు. బయటికి పోయి వచ్చిందంటే తోకకు పల్లేరుకాయలు, కాళ్ళకు కాలవ బురద. కోతల కాలమైతే చెవుల వెనకంతా వడ్ల నూగు.

"గొర్రెకు కత్తిరించినట్ల కత్తిరించేస్తే సరిపాయె వదినా, పీడా పోతాది" అన్నాడు మరిది. నేను ఒప్పుకోలేదు. కంప్లిలో పశువుల డాక్టరును అడిగితే, లోపల ఇంకో వరస మెత్తటి బొచ్చు ఉంటుందని, చలితో పాటు ఎండనూ అదే ఆపుతుందని, కత్తిరిస్తే చర్మం కాలుతుందని చెప్పాడు. దువ్వడం తప్ప దారి లేదన్నాడు. ఆ దువ్వే పని నా నెత్తిన పడింది. పడిందని ఎందుకు అనాలి, నేనే ఎత్తుకున్నాను. నాకు ఇద్దరూ మగపిల్లలే, వాళ్ళూ హాస్టళ్ళలో ఉన్నారు. ఒకరి తల నా మోకాళ్ళ మధ్య పెట్టుకుని దువ్వాలని నాకు ఎప్పటినుంచో ఉండేది.

దువ్వడమంటే పైపైన నిమిరితే సరిపోదు. స్నానం చేయించకముందే దువ్వాలి. చిక్కు ఉండగా నీళ్ళు తగిలితే అది బిగిసి ముద్ద కడుతుంది, తర్వాత కత్తెర పెట్టక తప్పదు. ముద్ద కట్టిన చోట బొచ్చు మొదలును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంటే చర్మం లాగదు. కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రావాలి. వేళ్ళకు కాస్త కొబ్బరినూనె రాసుకుంటే మొండిదైనా వదులుతుంది. చెవుల వెనక, చంకల్లో, తొడల సందున ఎక్కువ చిక్కు పడుతుంది, అందరూ వదిలేసేదీ అక్కడే. ఉగాది ముందర లోపలి బొచ్చు రాలే రోజుల్లో దువ్వినకొద్దీ వస్తూనే ఉంటుంది. వసారా అంతా దూది ఏకినట్టు అయిపోయేది.

చంకల దగ్గరికి వచ్చేసరికి అది కుయ్యిమనేది. నేను ఆపేదాన్ని కాదు. ఆపితే ఆ చిక్కు మర్నాటికి ఇంకా బిగుస్తుంది. "అయిపాయె, అయిపాయెలే బంగారూ" అంటూ పని కానిచ్చేదాన్ని. దువ్వెన కింద పెట్టానో లేదో, ఒక్క దూకు దూకి వంటింటి గడప దగ్గర తేలేది. అక్కడ మా తోడికోడలు చేటలో బియ్యం ఏరుతూ కూర్చుని ఉండేది. దాని కోసం జొన్నరొట్టె ముక్క దాచి ఉంచేది. చేట పక్కన పెట్టి, నేను అప్పుడే నున్నగా దువ్విన తలను ఒడిలోకి తీసుకుని చెవులు నిమిరేది. అది కళ్ళు మూసుకునేది. నా వైపు చూస్తే ఒట్టు.

నేనూ ఊరుకోలేదు. ఒకరోజు కొంగులో రొట్టె దాచి, దువ్వడం కాగానే చూపించాను. మర్యాదగా వచ్చి నోట కరుచుకుంది. తీసుకుపోయి ఆమె ఒడిలో పడుకుని తింది.

వచ్చినవాళ్ళు కూడా చూసేది ఆ ఒడినే. "ఏం మెరుస్తాందమ్మా మీ కుక్క! ఏం పూస్తావు దీనికి?" అని ఆమెనే అడిగేవాళ్ళు. "ఏమీ ల్యాదత్తా, ఊరికే అట్లే ఉంటాది" అనేది నవ్వుతూ. ఊరికేనట! పక్కనే చీపురు పట్టుకుని రాలిన బొచ్చు ఊడుస్తున్న నేను ఏమైపోవాలి? ఆ పూట ఆమె చేసిన పులుసులో ఉప్పు సరిపోలేదని అన్నాను. సరిపోయింది, నాకూ తెలుసు.

ఇలా ఉండగా మరిది బళ్ళారిలో, బ్రూస్‌పేటలో ఆఫీసు తెరిచాడు. రోజూ తిరగలేక కాపురం అక్కడికే మార్చాలనుకున్నాడు. పొలం సంగతి, లారీల సంగతి అన్నదమ్ములు ముందే తేల్చుకున్నారు. ఇంట్లో సామాను మిగిలింది. మా ఇళ్ళలో పద్ధతి ఏమంటే, పెద్దవాడు భాగాలు పెడతాడు, చిన్నవాడు తనకు నచ్చిన భాగం ముందు తీసుకుంటాడు. పెద్దవాడు తనకో న్యాయం తమ్ముడికో న్యాయం చేయకుండా ఆ కట్టుబాటు.

మరి కుక్క ఏ భాగంలోకి పోవాలి? నాకు అన్నం సయించలేదు. ఆలోచించి ఆలోచించి మా ఆయనకు చెప్పాను. టేకు ఉయ్యాల బల్ల, కొత్త ఫ్రిజ్జు ఒక వైపు పెట్టమన్నాను. ఇనుప మంచం, గడగడలాడే పాత ఫ్రిజ్జు, కుక్క ఇంకో వైపు. ఆ ఉయ్యాల అంటే మా తోడికోడలికి ప్రాణం. పెళ్ళై వచ్చిన రోజు నుంచి మధ్యాహ్నాలు దాని మీదే కునుకు తీసేది. దాన్ని వదులుకుని కుక్కను అడగదని నా లెక్క.

"కుక్కను కూడా భాగాల్లో పెడ్తారేందే?" అని నవ్వాడాయన.

"పెట్టాల్సిందే" అన్నాను.

పంపకం రోజు ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. మా ఆయన రెండు భాగాలూ చెప్పాడు. మరిది భార్య వైపు తిరిగి, "ఏంది, ఉయ్యాల తీసుకుందామా?" అన్నాడు. నేను గోడకు ఆనుకుని ఆమె నోటి వైపే చూస్తున్నాను.

"ఉయ్యాల బేడ, మనకొద్దు" అందామె. "కుక్క ఉండే భాగం తీసుకుందాం."

పెద్దాయన ఒకరు ఆశ్చర్యపోయి, "అదేందమ్మా, మంచి టేకు గదా" అన్నాడు. ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. "ఈడుంటే దినామూ అక్క చేతిలో ఏడుస్తాండాది మామా. నాకు చూసేకి కాదు."

నేను చేసిందంతా ఆమె కంటికి అలా కనబడింది. నా చేతిలోంచి తప్పించి దాన్ని కాపాడుకుంటోంది! కావాలని దెప్పి ఉంటే తిరిగి నాలుగు అనేదాన్ని. ఆమె మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వాళ్ళు సామాను వ్యాను ఎక్కేటప్పుడు కుక్క ఆమె వెనకే ఎగిరి కూర్చుంది. మంచి భాగం నీకే వచ్చింది, అదృష్టవంతురాలివని ఇరుగుపొరుగు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వానలు పట్టాక ఒక మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది. గొంతు బెరుకుగా ఉంది.

"అక్కా, చంకల్లో అంతా ముద్దలు కట్టినాది. వాసన గూడా వస్తాండాది. బ్రష్ పెడితే అరుస్తాది, నాకు చేతులు ఆడవు. నువ్వు ఒకసారి వచ్చి దువ్విపో అక్కా."

మొదట సంతోషం వేసింది, దాచుకోను. వెంటనే మంట. ఏడిపించేది నేను, తర్వాత ఓదార్చేది ఆమె. అదే బాగోతం ఇప్పుడు బస్సు ఛార్జీ పెట్టుకుని బళ్ళారి దాకా పోయి ఆడాలా? రానని చెబుదామని నోరు తెరిచాను. అంతలో ఫోనులో వెనకనుంచి కుయ్యిమన్న చప్పుడు వినబడింది. బ్రష్ ఇంకా ఆమె చేతిలోనే ఉన్నట్టుంది.

అది ఇంకొకరి చేతిలో అలా ఏడవడం నేను ఓర్చుకోలేకపోయాను.

"పొద్దున బస్సుకే వస్తా. నేను వచ్చేదాకా నువ్వు దాన్ని దువ్వొద్దు" అన్నాను.