ప్రతి పాటకూ ముందున్న మాట

కడప శివారులో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపిన మా మేనమామ పోయిన నెల, అమావాస్య ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్న భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటూ కూలబడి కన్నుమూశారని పాఠకులకు తెలియజేయడానికి విచారిస్తున్నాను. ఈ వార్త ఏ పత్రికలోనూ రాలేదు. రావలసినంత పదవి ఆయనకు లేదు. అయితే బెంగళూరులోనూ, అంతకంటే దూరదేశాల్లోనూ ఆయన పేరు తెలియకపోయినా గొంతు తెలిసిన శ్రోతలు కొందరున్నారు. వారికి ఈ సమాచారం చేరవలసి ఉంది. ఆ గొంతు ఇప్పుడు దొరుకుతున్న కొత్త రికార్డులో ఎందుకు లేదో కూడా వారికి చెప్పవలసి ఉంది. ఈ రెండో పనిని మా నలుగురిలో మిగతా ముగ్గురూ నాకు అప్పగించి, తమకు వీలుపడదని విడివిడిగా ఫోన్లు చేశారు.

మేం నలుగురం ఇరవై ఏళ్ళ కిందట కడపలో చదువుకుంటూ ఒక రాక్ బ్యాండు పెట్టాం. గిటార్ల శ్రుతిని బాగా కిందికి దింపి, ఒకే వరసను చాలా నెమ్మదిగా, చాలా బరువుగా, వినేవాడు లేచి వెళ్ళిపోయేదాకా వాయించడం మా పద్ధతి. ఆ సంగీతాన్ని స్టోనర్ రాక్ అంటారు. పేరు వినగానే మామ సంతోషించారు. బండల వ్యాపారానికి ఇన్నాళ్ళకు తగిన గుర్తింపు దొరికిందనుకున్నారు. ఆ పేరుకు గంజాయితో ఉన్న బంధుత్వాన్ని ఆయనకు వివరించే బాధ్యతను మేం ఒకరి మీదికొకరు నెట్టుకుంటూ వచ్చాం. ఆ అంశం చివరిదాకా పెండింగులోనే ఉండిపోయింది.

మా సంగీతానికి ఊళ్ళో చోటు దొరకలేదు. ఏ ఇంట్లో వాయించినా పక్కింటివాళ్ళు వచ్చి ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగేవారు. అప్పుడు మామ తన షెడ్డు ఇచ్చారు. అయితే అమావాస్య రోజు మాత్రమే. ఆ రోజు పాలిష్ మిషన్లు తిరగవు. వాటిని కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, విశ్రాంతి ఇస్తారు. కాబట్టి మా తొలి రికార్డింగులన్నీ అమావాస్యనాడే, పట్టపగలు, ఆ షెడ్డులో జరిగాయి. వాటిలోని చీకటిని గురించీ అమావాస్యతో మాకున్న రహస్య అనుబంధాన్ని గురించీ విదేశీ విమర్శకులు తరువాత చాలా రాశారు. మిషన్లకు సెలవు అని ఎవరూ రాయలేదు. మేమూ చెప్పలేదు.

మామ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉండేది. కరెంటుతో నడిచేది ఏదైనా సరే, చెప్పకుండా స్విచ్చి వేయకూడదు. రోజూ పొద్దున మిషన్ల మధ్య నిలబడి, పనివాళ్ళ వైపు ఒకసారి చూసి, "కానీండప్పా" అనేవారు. ఆ మాట వినబడ్డాకే మొదటి స్విచ్చి పడేది. మా యాంప్లిఫయర్లు వచ్చిన మొదటి అమావాస్యనాడు ఆయన వాటి చుట్టూ తిరిగి పరిశీలించి, అవి కూడా తన అధికార పరిధిలోకే వస్తాయని నిర్ణయించారు.

"దీనికి కరెంటు పెట్టల్ల గదా అల్లుడా?"

"పెట్టల్ల మామా."

"అట్లయితే దీనికీ బొట్టు పెట్టల్ల."

యాంప్లిఫయర్లకు బొట్లు పెట్టారు. డ్రమ్ములకు కరెంటు లేకపోయినా, అలుగుతాయేమోనని వాటికీ పెట్టారు. స్పీకరు డబ్బా ముందు నిమ్మకాయ ఉంచారు. కొబ్బరికాయ కొట్టి, పక్కకు జరిగి, "కానీండప్పా" అన్నారు. టేపు అప్పటికే తిరుగుతోంది. ఆ చప్పుడూ ఆ మాటా అందులో పడ్డాయి. అప్పటినుంచి ఒక్కొక్క పాటకు ఒక్కొక్క కొబ్బరికాయ. పాటంటే మళ్ళీ కొత్త పని, కొత్త పనికి పాత కాయ చెల్లదని ఆయన వాదన. ఆ చిప్పల పచ్చడితోనే మధ్యాహ్నం మాకు బొరుగుల ఉగ్గాని పెట్టించేవారు. మా సృజనాత్మక కాలమంతటా మా ఒంటికి పట్టిన పోషణ అదే.

సంగీత విమర్శలో ఆయనది సొంత పద్ధతి. నా బేస్ గిటారు మోతకు నిమ్మకాయ దొర్లిందా లేదా అని చూసేవారు. దొర్లితే "ఇది బాగుండాది" అనేవారు. దొర్లకపోతే "ఇంగా పచ్చిగుండాది, మళ్ళా వాయించండి" అనేవారు. ఈ పద్ధతిలో తేలిన తీర్పులకూ, తరువాత పెద్ద పెద్ద విమర్శకులు ఇచ్చిన తీర్పులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒకసారి మా డ్రమ్మరు పాటను మరీ నెమ్మదిగా ఎత్తుకున్నాడు. మామ కొంతసేపు ఓపిక పట్టి, "ఏమప్పా, వాయిస్తాండావా, నిద్ర పోతాండావా? ఒక దెబ్బకూ ఇంగో దెబ్బకూ నడమ నేను టీ తాగొచ్చేట్లుండాది" అన్నారు. నిజంగానే వెళ్ళి తాగి వచ్చారు. ఆ డ్రమ్మరు ప్రస్తుతం ఒక జూనియర్ కళాశాలకు ప్రిన్సిపాల్.

చుట్టుపక్కల వాళ్ళ ఫిర్యాదుమీద ఒకనాడు కానిస్టేబుల్ వచ్చాడు. మామ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, బొట్లు పెట్టిన యాంప్లిఫయర్లను చూపించి, "అమావాస్య పూజప్పా. మా అల్లుడోళ్ళు చదువుకున్నోళ్ళు గదా, కొత్త మాదిరి చేస్తాండారు" అన్నారు. అతను కొబ్బరిచిప్ప తీసుకొని, కళ్ళకద్దుకొని వెళ్ళిపోయాడు. మా బ్యాండుకు ఇంత గట్టిగా అండగా నిలిచిన వ్యక్తి మరొకరు లేరు. మా తండ్రులు కూడా నిలబడలేదు.

తరువాత ఉద్యోగాలు వచ్చాయి, బ్యాండు ఆగింది. ఎవరో మా క్యాసెట్టును ఇంటర్నెట్టులో పెట్టారు. ఊరూ పేరూ తెలియని జనం విన్నారు. పాటకు ముందు ఏదో పగిలిన చప్పుడూ, ఆ వెంటనే వచ్చే మాటా వింటే ఒళ్ళు జలదరిస్తుందని, ఆ మంత్రానికి అర్థమేమిటని అడిగారు. ఈ ఏడాది బెంగళూరు సంస్థ ఒకటి ముందుకొచ్చింది. మా తొలి రికార్డింగులను రీమాస్టర్ చేసి, అంటే పాత టేపు శబ్దాన్ని శుభ్రం చేసి కొత్తగా తీర్చి, పెద్ద నల్ల రికార్డుగా వేస్తామన్నది. నేను వెళ్ళి మామకు చెప్పాను.

"నా మాట గూడా వస్తాదా అల్లుడా?"

"వస్తాది మామా. ప్రతి పాట ముందరా నువ్వే."

ఆ మాట నేనే అన్నాను. ఆయన దాన్ని రాయచోటి పెళ్ళిలో చెప్పుకున్నారు, రాజంపేట సీమంతంలో చెప్పుకున్నారు. బండలు కొనడానికి వచ్చినవాళ్ళకు బేరానికి ముందే చెప్పారు.

రీమాస్టర్ పని చూస్తున్న బెంగళూరు ఇంజనీరమ్మ ఒకరోజు ఫోన్ చేసి, "సార్, ప్రతి పాట ముందూ ఒక పెద్దాయన గొంతుంది. నాకైతే చాలా నచ్చింది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" అని అడిగింది. ఈ విషయమై మేం నలుగురం కడపలో ఒక హోటల్లో సమావేశమయ్యాం. ప్రిన్సిపాల్ గారు మాట్లాడుతూ, మనం ఇప్పుడు బాధ్యతగల స్థానాల్లో ఉన్నామని, యాంప్లిఫయరుకు కొబ్బరికాయ కొట్టించుకున్న బ్యాండుగా ప్రపంచం ముందు నిలబడడం అంత బాగుండదని అభిప్రాయపడ్డారు. ఒకరు బలపరిచారు. ఒకరు దోసె తింటూ తల ఊపారు. మామ మేనల్లుణ్ణి నేను. నా అభిప్రాయం ప్రత్యేకంగా అడిగారు. శబ్దం శుభ్రంగా ఉండడమే ముఖ్యమని నేనూ అన్నాను. తీర్మానం ఏకగ్రీవమైంది. మామకు ముందుగా తెలియజేయాలన్న సవరణను ఎవరూ ప్రతిపాదించలేదు.

రికార్డు వచ్చింది. మామ అమావాస్య మధ్యాహ్నం అందరినీ షెడ్డుకు పిలిచారు. మా అమ్మ వచ్చింది. బంధువులు వచ్చారు. రాయచోటి నుంచి ఆయన పాత స్నేహితుడు, బండల వ్యాపారి ఒకాయన వచ్చారు. అద్దెకు తెచ్చిన కుర్చీలు వేశారు. ప్రిన్సిపాల్ గారు ఎక్కడినుంచో రికార్డు ప్లేయరు తెచ్చారు. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. తప్పించుకోవడానికి నాకు దొరికిన పని కుర్చీలు సర్దడం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మామ ముందు వరసలో కూర్చొని, ముల్లు దిగబోతుండగా చెయ్యెత్తి జనాన్ని నిశ్శబ్దంగా ఉండమన్నారు.

నేరుగా గిటారు మొదలైంది.

ఆయన చెయ్యి కాసేపు అలాగే పైన ఉండి, తరువాత మోకాలి మీదికి వచ్చింది. మొదటి పాట అయింది. మళ్ళీ చెయ్యెత్తి, మెడ ముందుకు చాచారు. రెండో పాట కూడా నేరుగానే మొదలైంది. మూడో పాటకు చెయ్యి ఎత్తలేదు. రికార్డు తిప్పి రెండో వైపు వేసినప్పుడు ఒక్కసారి తల కొంచెం పక్కకు వంచారు, అంతే. మొత్తం అయ్యాక రాయచోటి వ్యాపారి నవ్వుతూ అడిగారు:

"ఏమప్పా, పెండ్లి పెండ్లికీ చెప్పుకుంటా తిరిగితివి. నీ గొంతు యాడుండాది? బస్సులో మర్చిపోయి వచ్చినావా?"

జనం నవ్వారు. మామ కూడా నవ్వారు.

"ఆ పొద్దు నేను శానా దూరంగా నిలబడింటినప్పా. మైకుకు అందింటాదా? తప్పు నాదే. రాండి, టీ తాగుదాం."

ఆయన దగ్గర పాత క్యాసెట్టు ఉంది. తన గొంతు అందులో ఎంత స్పష్టంగా ఉందో ఆయనకు మాకంటే బాగా తెలుసు. ఆ మాట అనేటప్పుడు మా వైపు చూడలేదు. చూస్తే మా ముఖాలు అందరికీ కనబడతాయనుకున్నారేమో. మా నలుగురి చేతుల్లోకీ టీ గ్లాసులు వచ్చాయి. మేం తాగాం. పోయేటప్పుడు నన్ను గేటు దగ్గర ఆపి, "శుభ్రంగా ఉండాది అల్లుడా. శానా శుభ్రంగా చేసినారు" అన్నారు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఎంతో వెతికాను. ఉంటే కొంత సులువయ్యేది.

ఆయనను కలిసి నిజం చెప్పే విషయాన్ని మేం పరిశీలనలో ఉంచాం. ఒకరికి పరీక్షల కాలమైంది, ఒకరికి బదిలీ అయింది. నేను రెండుసార్లు ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళి, లోపల మిషన్ల మోత విని, ఇప్పుడు పనిలో ఉంటారులే అని తిరిగి వచ్చాను. వచ్చే అమావాస్యకు తప్పకుండా వెళ్ళాలనుకున్నాను. ఆ అమావాస్య ఆయనకు రాలేదు.

దహనం అయిన మర్నాడు ఇంజనీరమ్మకు ఫోన్ చేశాను. మామ పోయిన సంగతి చెప్పి, ఆ గొంతు ఇంకా ఎక్కడైనా ఉందా అని అడిగాను. ఆమె "తీసేశాను గాని పారెయ్యలేదు సార్. నాకు మనసు రాలేదు. అన్నీ వరసగా ఒకచోట పెట్టుకున్నాను. పొద్దున పని మొదలుపెట్టే ముందు వింటుంటాను" అంది. అవి నా ఫోనుకు పంపింది. ఒక కొబ్బరికాయ, ఒక మాట, కొంచెం ఖాళీ. మళ్ళీ కొబ్బరికాయ, మళ్ళీ మాట. పాట ఒక్కటీ లేదు. కానీండని ఆయన చెబుతూనే ఉంటారు, ఎవరూ మొదలుపెట్టరు.

దినం అయిన మర్నాడు ఫ్యాక్టరీ తెరిచారు. మేం నలుగురం వెళ్ళాం. పనివాళ్ళు మిషన్ల దగ్గర చేరి ఉన్నారు. మామ కొడుకు ఆయన నిలబడే చోట నిలబడ్డాడు గాని, నా వైపు తిరిగాడు.

"నాకు రావడం లేదు బావా. అది నాయన మాట."

అతనికి మాత్రమే వినిపిద్దామని ఫోను తీశాను. నా తొందరలో శబ్దం పెద్దదిగానే ఉన్నట్టుంది. కాయ పగిలింది. మాట వినబడింది. మూలన, మాకు వీపు పెట్టి కూర్చొని తలకు తువ్వాలు చుట్టుకుంటున్న పాత పనివాడొకడు, ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తిరిగి చూడకుండానే లేచి, వెళ్ళి స్విచ్చి వేశాడు. మిషను తిరిగింది. పైపులోంచి నీళ్ళు పడ్డాయి. రెండోసారి ఆయన ఏమన్నారో ఆ మోతలో వినబడలేదు. ఇన్నాళ్ళూ ఎండిపోయి, దుమ్ముపట్టి తెల్లగా ఉన్న బండ మీద నీళ్ళు ఒక అంచునుంచి ఇంకో అంచుకు పాకుతూ పోయాయి. పాకినంత మేరా రాయి నల్లబడుతూ వచ్చింది.