మొదటి మోత మనదే

పెనుకొండలో మా సంఘం కట్టుకున్న కొత్త ప్రార్థన మందిరం తలుపులు చేసింది నేనే. ఒక వేలితో తోస్తే చాలు, చప్పుడు లేకుండా తెరుచుకుంటాయి. ఆ దారిన పోయినప్పుడల్లా ఒకసారి తోసి చూడకుండా ఉండలేను. వాటి వెనక ఎంత ఆత్రం, ఎంత పరుగు, ఎంత స్తోత్రం ఉన్నాయో నాకే తెలుసు.

నాది హిందూపురం. వడ్రంగం నా పని. ఎవరి కిందా జీతానికి లేను. మిషన్లు చేతిలో ఉంటే పని, పని ఉంటే కూడు. మందిరం ప్రతిష్ఠకు రెండు ఆదివారాలు ఉన్నాయనగా తలుపులు సగంలో ఉన్నాయి. రోజూ పొద్దున పెనుకొండకు బస్సెక్కి, సాయంత్రం పనిముట్లన్నీ మందిరం పక్క గదిలో పెట్టి, తాళం వేసి తిరిగి వచ్చేవాణ్ణి.

ఒకరోజు పొద్దున వెళ్లేసరికి తాళం విరిగి కింద పడి ఉంది. గది ఖాళీ. చెక్క నునుపు చేసే ప్లేనర్ మిషను, డ్రిల్లు, కట్టింగ్ మిషను, గాడులు తీసే రౌటరు, చివరికి ఉలుల సంచి కూడా లేదు. సగం నునుపు చేసిన టేకు చెక్క మాత్రం గోడకు ఆనుకుని నన్నే చూస్తున్నట్టు ఉంది. అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

లేచాక మొదట చేసిన పని ధర్మవరంలో ఉన్న నా స్నేహితునికి ఫోన్ చేయడం. ఇద్దరం ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం. అతడు ఇప్పుడు పట్టుచీరల మగ్గాలు బాగు చేస్తాడు. వాళ్ల ఇంట్లో శనివారం ఉపవాసం, మా ఇంట్లో ఆదివారం ఆరాధన. ఇన్నేళ్లలో ఒకరినొకరు వెక్కిరించుకోని వారం లేదు.

"యాడికి పోయినాయప్పా అన్నీ? తాళం ఏసినావా, దేవుడే చూసుకుంటాడని వదిలేసినావా?"

"ఏసినానబ్బా. పగలగొట్టినారు."

"పగిలిన తాళం పారేయొద్దు. ఫోటో తీసి పెట్టుకో. పోయిన సంవత్సరం పనిముట్లకు ఇన్సూరెన్స్ పాలసీ కట్టినానని చెప్పినావే, వాళ్లు అది అడుగుతారు. నా ప్లేనరు మధ్యాన్నం రైల్లో తెస్తాండా. నువ్వు స్టేషన్ కాడికి రా."

అన్న మాట ప్రకారం తెచ్చాడు. నా చేతిలో పెడుతూ, "దేవుడు నీవాడు, మిషను నాది. పుణ్యంలో నాకూ భాగం ఉండాది, గుర్తు పెట్టుకో," అన్నాడు. ఆ సాయంత్రమే చెక్క మీద మిషను మళ్లీ పాడింది. కానీ అది అరువు మిషను. మగ్గాల పనికి అతనికీ అది కావాలి. నాకు నా సొంత పనిముట్లు రాకపోతే ఈ తలుపుల తర్వాత ఇంకే పనీ ఒప్పుకోలేను.

పోలీసు ఫిర్యాదులో పోయినవన్నీ రాశాను. ఆ తర్వాత హిందూపురంలో ఇన్సూరెన్స్ ఆఫీసు మెట్లెక్కాను. క్లెయిమ్ కాగితంలో మాత్రం ప్లేనరు ఒక్కటే రాశాను. ఎందుకంటే చిన్నప్పటి నుంచి మాకు నేర్పింది ఏ రోజు రొట్టె ఆ రోజుకు అడగమని. ఇప్పుడు తలుపులకు కావలసింది ప్లేనరు. డ్రిల్లు అవసరమైనప్పుడు దాని కోసం వస్తాను, రౌటరు అవసరమైనప్పుడు దాని కోసం వస్తాను. ఒకేసారి ఇంత చెయ్యి చాచి అడిగితే ఆశపోతు అనుకుంటారని నా భయం.

కౌంటరు దగ్గరున్న అమ్మ కాగితం చూసి, కళ్లజోడు సర్దుకుని అంది: "అన్నా, నీకు మూడు వేలు వస్తాది."

"ఎనిమిది వేల మిషను కదమ్మా!"

"ఎక్సెస్ అని నీ వంతు అయిదు వేలు ఉండాది కదన్నా, పాలసీలోనే. అది పోను మూడు. సరే అంటే సంతకం పెట్టు. ఈ దొంగతనానికి ఇంక ఇదే ఆఖరు, మళ్లీ తెరిచేది ఉండదు."

పాలసీ చేయించుకున్న రోజు ఏజెంటు ఆ మాట చెప్పిన గుర్తు లీలగా ఉంది. "అది అందరికీ ఉండేదేలే," అని పేజీ తిప్పేశాడు. పెన్ను చేతిలో ఉంది. కానీ ఏదో ఆపింది. ఆత్మ ఆపిందనే నేను చెబుతాను. "అన్నం తిని వస్తానమ్మా," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంట్లో నా భార్య సంగటి పెడుతూ సంగతంతా విన్నది. ఆమె మా సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. వాళ్ల దగ్గర ఆదరణ పెట్టె అని ఒకటి ఉంది. ఎవరింట్లో జబ్బు చేసినా అందులో నుంచి సాయం చేస్తారు. ఒకప్పుడు తలనొప్పి మాత్రకూ, దగ్గు మందుకూ అందరూ పెట్టె దగ్గరికే వచ్చేవారట. తీరా ఒకామెకు ఆపరేషన్ పడిన నాటికి పెట్టె అడుగు కనిపించింది. అప్పటి నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: జబ్బు చేసిన ఇంటివాళ్లు మొదటి వెయ్యి రూపాయలు తామే పెట్టుకోవాలి, ఆపైన అయ్యేది పెట్టె చూసుకుంటుంది.

ఆమె గరిటె పట్టుకునే నా వైపు తిరిగింది.

"ఏమయ్యా, మన పెట్టె కట్టుబాటే గదా ఇది! మొదటి మోత ఇంటోళ్లది, మిగతాది సంఘానిది. ఆడ అయిదు వేలు, ఈడ వెయ్యి. అంతే తేడా."

"అది అర్థమైంది. మూడు వేలే గదా వచ్చేది?"

"నువ్వు ఒక్కటే రాస్తే మూడే వస్తాది! ఒక జ్వరానికి ఆటోకు ఒకసారి, మందులకు ఒకసారి, రక్తపరీక్షకు ఒకసారి, మూడు మార్లు వెయ్యి పెట్టుకోమని మేం యాడన్నా చెప్తామా? ఒక జ్వరం, ఒక లెక్క. ఒక్కసారే వెయ్యి. నీ దొంగ ఎన్నిసార్లు వచ్చినాడు?"

"ఒక్కసారే."

"మరి లెక్క కూడా ఒక్కటే గదా!"

ఎడమచేతి వేళ్ల మీద లెక్క వేశాను. డ్రిల్లు నాలుగు వేలది. దాన్ని విడిగా అడిగితే ఎక్సెస్ లోపలే మునిగిపోతుంది, పైసా రాదు. కట్టింగ్ మిషనూ అంతే, ఉలులూ అంతే. అదే అన్నీ కలిపితే ఇరవై ఆరు వేలు. అందులో నుంచి అయిదు వేలు ఒక్కసారే పోతుంది. ఇరవై ఒక్క వేలు చేతికి వస్తుంది!

"హల్లెలూయా!" అని గట్టిగా అరిచాను. పక్కింటివాళ్లు తొంగి చూశారు.

"అరిచేది తర్వాత. ముందు చెయ్యి కడుక్కో," అంది ఆమె.

ఆదివారం బడిలో పిల్లలకు నేను పాఠం చెబుతాను. ఒకరి బరువు ఒకరు మోయమని చెప్పిన చోటనే, ఎవరి బరువు వారు మోసుకోవాలనే మాట కూడా వాక్యంలో ఉంది. ఈ రెండూ ఎలా కలుస్తాయని ఒక పిల్ల అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ మధ్యాహ్నం, భార్యను వెనక కూర్చోబెట్టుకుని స్కూటరు మీద ఆఫీసుకు పరుగెత్తుతుంటే, ఆ రెండు మాటలూ నా కళ్ల ముందు చక్కగా అతుక్కున్నాయి. మోయగలిగినంత నేను మోయాలి. మోయలేనిది నలుగురూ మోస్తారు. నాలాంటి పనివాళ్లందరూ కట్టిన సొమ్మే కదా ఆ ఆఫీసులో ఉన్నది! అదీ ఒక సంఘమే. ఈ మాట చెవిలో అరిచి చెబితే నా భార్య, "దోవ చూడు!" అని వీపు మీద ఒకటి వేసింది.

కౌంటరు అమ్మ అన్నానికి పోదామని సంచి సర్దుకుంటోంది. మమ్మల్ని చూసి కూర్చుంది.

"పోయినవన్నీ రాస్తామమ్మా," అన్నాను ఆయాసపడుతూ.

"పోలీసు ఫిర్యాదులో ఉండాయా అన్నీ?"

"ఉన్నాయి."

"మరి పొద్దున్నే అట్ల రాసింటే అయిపోయేది గదన్నా! ఒక్కటే పోయిందేమో అనుకున్నా."

నా భార్య అందుకుంది: "ఆయన దేవుని దగ్గర కూడా అట్లే అడుగుతాడమ్మా, కొంచెం కొంచెం."

ఆ అమ్మ పకపకా నవ్వింది. కొత్త కాగితం ఇచ్చింది. అన్నీ రాశాను. తర్వాత సర్వేయరు పెనుకొండకు వచ్చి గది చూశాడు, విరిగిన తాళం చూశాడు, పాత బిల్లులు అడిగాడు. మిషన్లు పాతబడినందుకు కొంత తగ్గిస్తామన్నాడు. అదీ న్యాయమే అనిపించింది.

సొమ్ము వచ్చే లోపలే ప్రతిష్ఠ వచ్చేసింది. అరువు ప్లేనరుతోనే తలుపులు పూర్తి చేశాను. మా పాస్టరు అయ్యగారు ప్రార్థించి ఒక చేత్తో తోశారు. రెండు రెక్కలూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పాట ఎత్తుకున్న ఆడవాళ్ల గొంతులు లోపలి నుంచి ఎదురొచ్చాయి. వెనక వరుసలో ధర్మవరం స్నేహితుడు, తెల్లచొక్కా వేసుకుని, నా చెవి దగ్గరికి వంగాడు.

"బాగుండాదప్పా తలుపు. నా మిషను ఎప్పుడిస్తావు?"

విందు దగ్గర సంఘ పెద్దలు, నా ఎక్సెస్ సొమ్ముకు చందా పోగు చేస్తామన్నారు. ప్రేమతో అన్న మాటే. నేను, నా భార్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "వద్దన్నా, అది మా మోత. ఆ చందా ఆదరణ పెట్టెలో వేయండి," అంది ఆమె.

సొమ్ము వచ్చిన వారం ధర్మవరం వెళ్లి అతని మిషను అతనికి ఇచ్చేశాను. నా కొత్త ప్లేనరు కూడా సంచిలో ఉంది. అతని కొట్లోనే ఒక మగ్గం చెక్క మీద ఆన్ చేశాను. పొట్టు రిబ్బన్లలా ఎగిరి ఇద్దరి తలల మీదా పడింది. ఇద్దరం పిల్లల్లా నవ్వాం.

"నేనూ ఒకటి కట్టాల. ఆ ఎక్సెస్ సంగతి చెప్పు, ప్రసంగం వద్దు," అన్నాడు.

"ఎక్సెస్ ఎక్కువ పెట్టుకుంటే ఏటా కట్టేది తగ్గుతాదంటారు. దానికి ఆశపడొద్దు. రేపు పొద్దున తాళం విరిగితే, అప్పు చేయకుండా నువ్వే ఎంత పెట్టుకోగలవో అంతే ఒప్పుకో. పోయినవన్నీ ఒక్కసారే రాయి."

"ఇంతేనా?"

"ఇంతే."

అతడు తన పనిముట్ల పెట్టె ముందుకు లాగి మూత తెరిచాడు. "అయితే కూర్చో. దేని ధర ఎంతో చెప్పు," అన్నాడు.