ఖాళీగా ఇవ్వకూడని ఉయ్యాల

నా చిన్నప్పుడు సిడ్నీలో మేముండే అద్దె ఇంటికి ఒక గరాజ్ ఉండేది. అందులో కారు తప్ప అన్నీ ఉండేవి. మా నాన్న ఏ వస్తువునూ పారేసే మనిషి కాదు, మా అమ్మ ఏ వస్తువునూ వదులుకునే మనిషి కాదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మేం ఒక చిన్న యూనిట్‌కు, అంటే అపార్ట్‌మెంట్‌కు, మారాల్సి వచ్చింది. అక్కడ గరాజ్ లేదు. ఇక్కడివాళ్లలాగే మనమూ ఒక శనివారం గరాజ్ సేల్ పెట్టి అన్నీ వదిలించుకుందామన్నాడు నాన్న.

అప్పుడు గుంటూరు నుంచి మా అమ్మమ్మ వచ్చి మా దగ్గరే ఉంది. వాడిన సామాను వాకిట్లో పరిచి అమ్ముకోవడమేమిటని ముందు ముక్కున వేలేసుకుంది. తీరా తెల్లారకముందే కార్లు వచ్చి ఆగడం చూసి, కొంగు బిగించి రంగంలోకి దిగింది. ఖాళీ పాత్ర మన గడప దాటకూడదన్నది ఆవిడ పట్టుదల. స్టీలు డబ్బా అయినా కుక్కరయినా అందులో గుప్పెడు బియ్యం వేస్తే గానీ కొన్నవాళ్ల చేతికిచ్చేది కాదు. ఒక ముసలాయన కారుదాకా వెళ్లి, పాపం వీళ్లు బియ్యం మరిచిపోయారనుకుని, డబ్బాను జాగ్రత్తగా వెనక్కి తెచ్చాడు. అమ్మమ్మ ఇంకో గుప్పెడు వేసి పంపింది. మేమంతా పడీ పడీ నవ్వాం. అమ్మ మాత్రం నవ్వలేదు.

గరాజ్ మూలలో ఒకదాన్ని దుప్పటితో కప్పి, ఎవరికీ కనబడకుండా దానిమీద పుస్తకాల పెట్టెలు పేర్చింది అమ్మ. అది చుట్టూ చెక్క కమ్మీలున్న పసిపిల్లల మంచం. ఊగేది కాదు గానీ మా ఇంట్లో దాన్ని తమ్ముడి ఉయ్యాల అనేవాళ్లు. తమ్ముడు లేడు. అమ్మకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇక ఆశ వద్దని డాక్టరు చెప్పాక కూడా అమ్మ ఆ దుప్పటిని ఉతికి మళ్లీ కప్పుతూనే ఉండేది. దానిమీద నా స్కూలు బ్యాగు పెట్టినా ఊరుకునేది కాదు. పుట్టని ఆ తమ్ముడంటే నాకు చెప్పలేనంత ఉక్రోషంగా ఉండేది. నేనొక్కదాన్ని అమ్మకు చాలనేమో అనుకునేదాన్ని.

పొద్దెక్కాక పక్క వీధి నుంచి నెలలు నిండిన ఒక అమ్మాయి వచ్చింది, ఇక్కడి పిల్లే. అప్పుడే నాన్న ఎవరికో పుస్తకాలు చూపించడానికి ఆ పెట్టెలు దించాడు, దుప్పటి జారింది. ఆ అమ్మాయి కమ్మీలమీద చెయ్యి వేసి, ఇది ఇస్తారా అని ఆశగా అడిగింది. దాని కాలొకటి విరిగిందని అమ్మ అబద్ధం చెప్పింది. ఆ అమ్మాయి కదిపి చూసి, గట్టిగానే ఉందే అంది. అయితే ఇది అమ్మేది కాదంది అమ్మ. నాన్న పక్కకు తిరిగాడు. ఇంగ్లిషు ముక్క రాకపోయినా అమ్మమ్మకు అంతా అర్థమైంది.

"నిండు పొట్టతో వాకిట్లోకొచ్చిన పిల్లని ఒట్టి చేతుల్తో పంపుతావటే?" అంది అమ్మతో.

"గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని పొద్దున్నించీ బియ్యం పోస్తున్నావు గదమ్మా. మరి ఇందులో ఏం వేసివ్వమంటావు?" అంది అమ్మ.

అమ్మమ్మ నా రెక్క పట్టుకుని లాక్కొచ్చి, "ఎక్కవే" అంది.

ఎక్కాను. మోకాళ్లు గడ్డానికి తగిలాయి, పాదాలు కమ్మీల్లోంచి బయటికొచ్చాయి. ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఖాళీ ఎక్కడుందే? కళ్లు తెరిచి చూడు," అంది అమ్మమ్మ.

నన్ను దిగమనబోయిన అమ్మ, నా తల పక్కన పై కమ్మీ చూసి ఆగిపోయింది. దానిమీద చిన్నచిన్న నొక్కులున్నాయి. వాటిని వేలితో తడిమి, "ఇవి నీ పళ్లేనే. పళ్లొచ్చేటప్పుడు తెగ కొరికేదానివి," అంది. అది నేను పడుకున్న మంచమని నాకు ఆ నిమిషందాకా తెలియదు. రాని బిడ్డ కోసం ఎదురుచూసీ చూసీ అమ్మకూ ఆ సంగతి మరుగునపడిపోయింది. అలాగే సిమెంటు నేలమీద కూలబడి, నా పాదాలు రెండూ పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది గానీ, అంత సంతోషం నేను అంతకుముందు ఎరగను.

తర్వాత ముఖం తుడుచుకుని, నా కూతురు ఇందులోనే పెరిగింది, తీసుకెళ్లమని ఆ అమ్మాయితో చెప్పింది. డబ్బు తీసుకోలేదు.

అమ్మ దుఃఖం ఆ రోజుతో తీరిపోయిందని చెప్పను. కానీ హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్లినప్పుడు ఎవరో ఒక ఆంటీ "ఒక్కతేనా?" అని అడిగితే తల దించుకునే అమ్మ, ఆ తర్వాత నుంచి "ఆఁ, ఇదిగో మా అమ్మాయి" అని నన్ను ముందుకు లాగేది.

ఇప్పుడు నేనే అందరికీ ఆంటీనయ్యాను. సిడ్నీలోనే రౌస్ హిల్‌లో మనవాళ్ల ఇళ్లకు పేరంటాలకు వెళ్తుంటాను. ఒక్క బిడ్డే ఉన్న ఇంట్లో రెండోది ఎప్పుడన్న మాట ఎవరో ఒకరి నోట రానే వస్తుంది, ఆ తల్లి ముఖం చిన్నబోతుంది. అప్పుడు నేను ఆమె వెనక నిలబడ్డ బిడ్డను దగ్గరికి పిలిచి, నీ పేరేమిటమ్మా అని అడుగుతాను.