చేపలు లేని చేపల కంపు

మాది శ్రీకాకుళం దగ్గర చేపలు పట్టే కుటుంబం. విజయనగరంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు అయానిక్ ద్రవాల మీద. అంటే, కాచకుండానే ద్రవంగా ఉండే లవణాలు. "ఎంత వేడి చేసినా ఇది ఆవిరవదు, విడిపోదు సార్" అని బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు గొప్పలు పోయి, కోలిన్ అనే రసాయనంతో చేసిన నా ద్రవాన్ని వేడికి పెట్టాను. రెండు వందల డిగ్రీలు దాటిందో లేదో, అది కాస్తా విడిపోయి, కుళ్లిన చేపల్లో పుట్టే వాయువునే వదిలింది. గదంతా చేపల కంపు!

అటెండర్ అప్పలస్వామి చూపు నా కేరియర్ మీద పడింది.

"ఏటి పాపా, మళ్లీ ఎండు సేపలు తెచ్చీసినావా?"

మార్కులు కళ్లముందు మెదిలాయి. "అవును బాబాయ్" అని తల వంచుకున్నాను. అతను ముక్కు మూసుకుని కేరియర్‌ని వరండాలో పెట్టొచ్చాడు. ఎగ్జామినర్ గారు ఒకసారి వరండా వైపు చూశారు.

మధ్యాహ్నం ఆయన సరాసరి వచ్చి నా పక్కనే కూర్చున్నారు.

"నేనూ సముద్రం ఒడ్డోడినే. ఆ ఎండు సేప ముక్కొకటి ఇలా ఎయ్యమ్మా."

కేరియర్ మూత తీయక తప్పలేదు. ముద్దపప్పు, బెండకాయ వేపుడు.

నా ద్రవం నయం, రెండు వందల డిగ్రీల దాకా ఆగింది. నా అబద్ధం మధ్యాహ్నం భోజనం కూడా దాటలేదు.