బొడ్డుగుడ్డ మీద పసుపు

బాబు పుట్టిన ఆరో రోజున బొడ్డు దగ్గర చెమ్మ కనబడింది. చుట్టూ కాస్త ఎర్రగా ఉంది. "ఏమీ పూయకండి, పొడిగా ఉంచండి. ఎరుపు పెరిగితే నిజామాబాద్ తీసుకుపోవాలె" అంది దవాఖానలో డాక్టరమ్మ. మర్నాడు గుడ్డ మార్చబోతే, సరిగ్గా బొడ్డుకు తగిలే చోట పసుపు మరక.

నా అనుమానం నేరుగా అమ్మ మీదికే పోయింది. కాన్పుకు పుట్టింటికి వచ్చాను. నాన్నది మార్కెట్ యార్డులో పసుపు కమీషన్ దుకాణం. మా ఇంట్లో తెగిన వేలికీ దగ్గుకూ పసుపే మందు.

"అమ్మా, బొడ్డుకు పసుపు పెట్టినవా?"

"నేనెందుకు పెడ్తనే? డాక్టరమ్మ వద్దన్నది గద."

"మరి గీ మరక యాడికెల్లి వచ్చింది?"

"ఆర్మూర్ల పసుపు యాడికెల్లి వచ్చిందని అడిగేటిదానివి నువ్వొక్కదానివే! మస్తు సదివినవు గద, నువ్వే చెప్పు."

నేను చదివింది ఎమ్మెస్సీ. చివరి ఏడాది ప్రాజెక్టు లిపిడ్ పొరల మీద. లిపిడ్ అంటే కొవ్వు. టెఫ్లాన్ పలకకు చిన్న రంధ్రం, రెండు వైపులా ఉప్పునీళ్ళు. కొవ్వు ద్రావణాన్ని సన్నటి కుంచెతో రంధ్రానికి అడ్డంగా పూస్తే పొర కడుతుంది. కరెంటు దాన్ని దాదాపుగా దాటలేదు. కంప్యూటర్ తెర మీద గీత కదలకుండా పడుకుంటుంది. నీళ్ళలో ప్రోటీన్ కలిపితే అది పొరలో దూరి సన్నటి దారులు తెరుస్తుంది. దారి తెరుచుకున్నప్పుడల్లా గీత ఒక మెట్టు ఎక్కుతుంది. ఆ మెట్టు ఎత్తు కొలవడం నా పని.

ఒకసారి సెలవులకు ఇంటికి వచ్చి వెళ్ళాక మెట్లు పోయి గీత వణకసాగింది. ప్రోటీన్ తయారుచేసి ఇచ్చిన స్నేహితురాలిని, సరిగా శుద్ధి చేయలేదని అందరి ముందూ అన్నాను. "ప్రోటీన్ కలపకుండా చూడు" అన్నారు ప్రాజెక్టు చేయించే మేడం. చూశాను. అయినా వణికింది. "ఏదీ, చేతులు చూపించు" అన్నారు. గోళ్ళ సందుల్లో మా ఊరి పసుపు. అదే కారణమని రుజువు చేయలేకపోయాను. కానీ అన్నీ కడిగి, గ్లవ్స్ వేసుకుని మళ్ళీ పూస్తే గీత నిమ్మళించింది. ఆ స్నేహితురాలు మాత్రం మళ్ళీ నా పక్కన కూర్చుని తినలేదు.

ఇప్పుడూ అదే పరీక్ష పెట్టాను. "అమ్మా, ఇయ్యాల బాబును ముట్టకు."

"నా మనుమణ్ణి నేను ముట్టొద్దా! నేనేమన్న దొంగనా?" అని అమ్మ గడప అవతలే కూర్చుంది. రోజంతా లోపలికి రాలేదు.

సాయంత్రం గుడ్డ విప్పితే కొత్త మరక. తుడవడానికి వంగాను. ఏదో బాబు పొట్టను రాసుకుంటూ ఊగింది. నా మెడలోని పసుపుతాడు. కాన్పు ఆపరేషన్‌కు ముందు బంగారు గొలుసు తీయించి కట్టిన తాడు. రోజూ స్నానం కాగానే దానికి పసుపు రాసుకుంటున్నది నేనే.

అమ్మను పిలిచి చూపించాను. ఆమె బీరువాలోంచి గొలుసు తెచ్చి, తాడు తీసి, నా మెడలో వేసింది. మర్నాడు గుడ్డ తెల్లగానే ఉంది. మూడు రోజులకు ఎరుపు తగ్గి బొడ్డు ఊడింది. నిజామాబాద్ పోవలసిన పని పడలేదు.

"ఇగనన్న ఎత్తుకోనిస్తవా?" అంది అమ్మ.

"చేతులు చూపియ్యి." ఆపుకునేలోపే నోటి నుంచి వచ్చేసింది.

అమ్మ రెండు అరచేతులూ చాపింది. గీతల్లో పసుపు. "సబ్బుతో కడుక్కొస్త తియ్యి. నువ్వు గూడ కడుక్కో" అంది. కుళాయి దగ్గర ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. ఆమె వేళ్ళ సందులు తోముకుందో లేదోనని నేను ఓరగా చూస్తూనే ఉన్నాను.